ఎనిమిదో నెలలో ఈసుకుపోయిన గేదె: పాలు కేంద్రానికి పొయ్యొచ్చా?

ముర్రా_మురళి
ముర్రా గేదె, రెండో ఈత. ఎనిమిదో నెల చూడి, మొన్న రాత్రి ఈసుకుపోయింది (నెలలు నిండకుండానే దూడ పడిపోయింది). దెబ్బ తగల్లేదు, మేత మార్చలేదు. మాయ ఇంకా వేలాడుతోంది. పొదుగు దిగింది, పూటకి లీటరున్నర ఇస్తోంది. పనోడు దూడని ఉత్త చేతుల్తో లాగి గట్టు అవతల పడేశాడు. ఇంట్లో వాళ్లేమో "ఎలాగూ అందరూ కాచుకునే తాగుతారు, కేంద్రానికి పొయ్యి" అంటున్నారు. అదే కొట్టంలో ఇంకో నాలుగు చూడి గేదెలున్నాయి. పాలు పొయ్యొచ్చా? గేదెకి ఏదైనా సూది వేయించాలా? ఇది ఆ బ్రూసెల్లానేనా?

చిట్టిచెంబు
గట్టు అవతల అంటే ఎవరి పొలం అన్నా? 😀

పశువుల_డాక్టర్
పాల సంగతి తర్వాత. ముందు ఆ దూడని వెతికించండి. కుక్కలు ఇప్పటికే ఈడ్చుకెళ్లి ఉంటే ఊరంతా పంచినట్టే.

చూడి చివరి మూడు నాలుగు నెలల్లో కారణం కనబడకుండా ఈసుకుపోవడం, ఆ వెంట మాయ పడకపోవడం, ఈ రెండూ కలిస్తే బ్రూసెల్లోసిస్‌ని (బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి వల్ల పశువుల నుంచి మనుషులకీ అంటే రోగం) మొదట అనుమానించాలి. అనుమానం అంటున్నాను, నిర్ధారణ కాదు. లెప్టోస్పైరా అనే ఇంకో క్రిమి, ఐబీఆర్ అనే వైరస్ రోగం, బూజు పట్టిన దాణా, ఎండ దెబ్బ, ఇలా ఇంకా చాలా ఉన్నాయి. కానీ పరీక్ష తేలేదాకా అదే అనుకుని మసలుకోవాలి. ఎందుకంటే ఈ సూక్ష్మజీవి పాలల్లో కంటే ఆ మాయలో, ఉమ్మనీరులో, దూడ పొట్టలో కొన్ని వేల రెట్లు ఎక్కువగా ఉంటుంది. పాలు కాస్తే చస్తుంది సరే, మీ పనోడి చేతులు కాచలేం కదా.

ఇవాళే చెయ్యాల్సినవి:

ఆ గేదెని విడిగా కట్టండి. మిగతా నాలుగింటి తొట్టి, బక్కెట్టు దానికి వాడొద్దు. మాయని లాగొద్దు, దానికి రాయి కట్టి వేలాడదీయొద్దు (ఇప్పటికీ కడుతున్నారు!). లాగితే సగం తెగి లోపల కుళ్లుతుంది, చెయ్యి పెట్టినవాడికి అంటుకుంటుంది. డాక్టరు వచ్చి చూస్తారు.

దూడ, పడిన మాయ, తడిసిన గడ్డి అన్నీ ఒకే గోతిలో వేయాలి. ఆరడుగుల లోతు, బావికీ బోరుకీ కాలవకీ దూరంగా. కింద పొడి సున్నం, పైన పొడి సున్నం, ఆ పైన మట్టి. ఎత్తేవాళ్లకి కృత్రిమ గర్భధారణకి వాడే భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ తొడుగులు, వాటి మీద మామూలు రబ్బరు గ్లవ్స్ (ఉత్త ప్లాస్టిక్ అయితే జారుతుంది), మూతికి మాస్కు, కళ్లకి అద్దాలు. కళ్లద్దాలు స్టైలుకి కాదు, ఉమ్మనీరు కంట్లో చిందినా చాలు పట్టుకోడానికి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ చుట్టుపక్కలకి రానివ్వొద్దు.

ముర్రా_మురళి
దూడ దొరికింది. ఒక కాలు లేదు.

చిట్టిచెంబు
వెనక్కి తీసుకుంటున్నా నా జోకు.

పశువుల_డాక్టర్
సరే, ఉన్నదాన్నైనా పాతండి. ఊరకుక్కల్ని ఏం చెయ్యలేం, కనీసం కొట్టం వైపు రాకుండా చూడండి. కుక్కకీ అంటుకుంటుంది, అది మళ్లీ మూత్రంలో వదలగలదు.

నేల మీద: ముందు పేడ, రక్తం గీకి ఎత్తాకే మందునీళ్లు చల్లాలి. పేడ మీద బ్లీచింగ్ చల్లితే క్లోరిన్ అంతా పేడే తినేస్తుంది, క్రిమికి ఏం మిగలదు. పది లీటర్ల నీళ్లకి మూడొందల ముప్పై గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపితే సుమారు ఒక శాతం క్లోరిన్ వస్తుంది. అదీ కొత్త డబ్బా అయితేనే. మూత తీసి ఏడాదిగా మూలన పడి ఉన్నదైతే ఉత్త సున్నపు పిండి. పది నిమిషాలైనా తడిగా ఉంచి తర్వాత కడగండి.

బర్రెల_దొడ్డి
డాక్టర్ సాబ్ చెప్పింది కరెక్టే గానీ సూది సంగతి మాట్లాడలే. మా దిక్కు బర్రె ఈసుకపోతే ఆక్సీటెట్రాసైక్లిన్ లాంగ్ యాక్టింగ్ కొడ్తరు, మూడు రోజులకోసారి, మూడు డోసులు. మల్ల చూడి నిలుస్తది. గిట్ల చేసినోళ్లు శానామంది ఉన్నరు.

పశువుల_డాక్టర్
@బర్రెల_దొడ్డి చూడి నిలవడం వేరు, రోగం పోవడం వేరు. చాలా పశువులు ఒకసారే ఈసుకుపోతాయి, తర్వాత ఈతలు మామూలుగా నిలుస్తాయి, సూది వేసినా వేయకపోయినా. క్రిమి కణాల లోపల దాక్కుంటుంది, పొదుగు పక్క గ్రంథుల్లో కూర్చుంటుంది. అక్కడికి మందు సరిగా చేరదు. బయటికి బాగున్నట్టే కనిపించి, ఏళ్ల తరబడి పాలల్లో విడతలు విడతలుగా వదులుతుంది. ఈతకి వచ్చినప్పుడల్లా మాయలో గుట్టలుగా వదులుతుంది. అందుకే పశువుకి వైద్యం చెయ్యమని చెప్పం. మాయ కుళ్లి గర్భసంచికి చీము పడితే దానికి మందు ఇస్తారు, అది వేరే లెక్క. పైగా సూది వేసిన పాలల్లో యాంటీబయాటిక్ దిగుతుంది, ఆ పాలు ఇంకో తలనొప్పి.

బర్రెల_దొడ్డి
అంటే మనం "నయమైంది" అనుకున్నదే సంతల అమ్ముతున్నమన్నట్టు.

పశువుల_డాక్టర్
సరిగ్గా అదే.

కేంద్రం_కాటా
పాలు పొయ్యొచ్చా అన్న అసలు ప్రశ్నకి కేంద్రం వైపు నుంచి. పొయ్యకండి. మొదటి వారం పది రోజులు ముర్రుపాల గుణం ఉంటుంది కాబట్టి ఎలాగూ తీసుకోం, కాచితే విరుగుతాయి. ఆ తర్వాత కూడా పరీక్ష తేలేదాకా ఆపండి.

"అందరూ కాచుకుంటారు" అన్న మాట ఇంటి పొయ్యి దగ్గర నిజం. కానీ పొయ్యి చేరేలోపు ఆ పాలు ఎన్ని చేతులు మారతాయో లెక్కేయండి. పితికినవాడు, వడపోసినవాడు, క్యాన్ మోసినవాడు, శాంపిల్ తీసినవాడు, కూలర్ కడిగినవాడు. మీ మూడు లీటర్లు నలభై లీటర్ల క్యాన్‌లో కలిస్తే నలభై లీటర్లూ అవే. బల్క్ కూలర్‌లో కలిస్తే ఊరంతా అవే. కూలర్ 4 డిగ్రీలకి చల్లబరుస్తుంది, చంపదు. చల్లదనానికి పాలు పులియకుండా ఆగుతాయంతే, బ్రూసెల్లా హాయిగా నిద్రపోతుంది. లిస్టీరియా అనే ఇంకో క్రిమి అయితే ఆ చలిలో కూడా మెల్లగా పెరుగుతుంది.

ల్యాబ్_గాజుగొట్టం
కాటా గారు శాంపిల్ అన్నారు కాబట్టి ఒక మాట. వెన్న శాతం గెర్బర్ పద్ధతిలో చూసే కేంద్రాలు ఇంకా ఉన్నాయి. 10.75 మిల్లీ లీటర్ల పిపెట్‌ని నోటితో పీలుస్తారు. గీత దాటి ఒక గుక్క నోట్లోకి రావడం రోజూ ఉండేదే, ఉమ్మేసి పని చేసుకుంటారు. రోజుకి ఎనభై మంది రైతుల పచ్చిపాలు, ఎనభై పశువుల కొట్టాలు. కాచుకుని తాగే ఊళ్లో కూడా పచ్చిపాలు నోట్లోకి వెళ్లే దారి ఇది. పిపెట్ వెనక పెట్టే రబ్బరు బల్బు పెద్ద ఖరీదు కాదు. బల్బు లేకపోతే మీటనొక్కే డిస్పెన్సర్ వాడండి. యాసిడ్‌కి వాడతారు కదా, పాలకి ఎందుకు వాడరో.

ఇంకోటి: పాలు చెడ్డాయా లేదా అని వేలు ముంచి నాలిక మీద వేసుకోవడం. వాసన చూడండి చాలు. అనుమానముంటే గొట్టంలో 5 మి.లీ. పోసి మరిగే నీళ్లలో అయిదు నిమిషాలు పెట్టండి, విరిగితే తిప్పి పంపండి. రుచి అవసరం లేదు.

కేంద్రం_కాటా
@ల్యాబ్_గాజుగొట్టం మా దగ్గర మెషీనే, నోటితో పీల్చే పని లేదు. కానీ నాలిక సంగతి... ఒప్పుకుంటా. సీనియర్ టెస్టర్లు నాలికతోనే ఉప్పు, సోడా పట్టేస్తారు. దాన్ని గొప్పగా చెప్పుకుంటారు కూడా.

చిట్టిచెంబు
ఆ నాలికకి ఎస్.ఎన్.ఎఫ్. (వెన్న కాక పాలల్లో ఉండే ఘనపదార్థం) కూడా తెలుస్తుందా?

ధారోష్ణం_108
మీరంతా భయపెడుతున్నారు. పొదుగు నుంచి చెంబులోకి పడిన గోరువెచ్చటి పాలు నురుగుతో తాగడం శాస్త్రం చెప్పిన పద్ధతి. తాతముత్తాతలు తాగి తొంభై ఏళ్లు బతికారు. కాస్తే జీవం పోతుంది. దేశీ ఆవు నాటు మేత మీద ఉంటే ఏ రోగమూ రాదు.

జ్వరాల_వార్డు
@ధారోష్ణం_108 దేశీ ఆవుకి రాదు అన్నది తప్పు. జాతిని బట్టి ఆగే రోగం కాదిది. తొంభై ఏళ్లు బతికిన తాతలు కనిపిస్తారు, నడుం పట్టేసి మంచం పట్టినవాళ్లని "వాతం" అన్నారు. అప్పట్లో రక్తపరీక్ష ఎవరు చేశారు?

మనిషిలో ఎలా ఉంటుందో చెబుతా, పనోడి కోసం. అంటుకున్నాక సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో మొదలవుతుంది, నెలలు కూడా పట్టొచ్చు. సాయంత్రానికి జ్వరం, రాత్రి దుప్పటి తడిసేంత చెమట, పొద్దునకి బాగున్నట్టుండటం. నడుం కింద, తుంటి దగ్గర నొప్పి. మగవాళ్లలో ఒకవైపు వృషణం వాపు. వారం తగ్గి మళ్లీ వస్తుంది. ఊళ్లో ముందు వైడల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అంటారు, అయిదు రోజుల మందుతో కాస్త తగ్గుతుంది, మళ్లీ తిరగబెడుతుంది. ఇలా మూడు "టైఫాయిడ్‌లు" అయ్యాక పెద్దాసుపత్రికి వస్తారు.

కాబట్టి డాక్టరు దగ్గర ఒక్క వాక్యం చెప్పమనండి: "ఈసుకుపోయిన గేదె దూడని ఉత్త చేతుల్తో తీశాను." ఆ వాక్యం లేకపోతే ఎవరికీ తట్టదు. రక్తం కల్చర్‌కి (క్రిమిని పెంచి చూసే పరీక్షకి) పంపితే ల్యాబ్‌కి కూడా బ్రూసెల్లా అనుమానం అని చీటీ మీద రాయాలి. ల్యాబ్ పనివాళ్లకి గాలి ద్వారా అంటుకునే క్రిముల్లో ఇది పేరుమోసినది.

మందు: డాక్సీసైక్లిన్ ఆరు వారాలు, దానితో పాటు రిఫాంపిసిన్ ఆరు వారాలు, లేదంటే మొదటి రెండు మూడు వారాలు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్. ఒకే మందు వాడినా, జ్వరం తగ్గిందని పదిహేను రోజులకి ఆపినా తిరగబెడుతుంది. రిఫాంపిసిన్ టీబీ మందు కూడా, మెడికల్ షాపులో అడిగి మింగేది కాదు. గర్భిణులకి, చిన్నపిల్లలకి మందులు మారతాయి.

ధారోష్ణం_108
సరే ఈసుకుపోయిన పశువు వద్దు. ఆరోగ్యంగా ఉన్న ఆవు?

ల్యాబ్_గాజుగొట్టం
"ఆరోగ్యంగా ఉంది" అని దేన్ని బట్టి చెబుతారు? పైన డాక్టరు గారు చెప్పింది మళ్లీ చదవండి. పాలు రంగు మారవు, వాసన మారదు, పొదుగు వాయదు. పశువుల టీబీ కూడా అంతే. కంటితో కనిపించేది పొదుగువాపు ఒక్కటే, అదీ ముదిరితేనే.

జున్నుముక్క
కాచడం గురించి అందరూ ధైర్యంగా ఉన్నారు. జున్ను మాటేంటి? ముర్రుపాలు కాచలేం, విరిగిపోతాయి. క్రిమి ఎక్కువ వదిలేది ఈనిన రోజుల్లోనే. ఆ పాలే చుట్టుపక్కల నాలుగిళ్లకి ప్రేమగా గిన్నెలతో పంచుతాం.

చిట్టిచెంబు
జున్ను జోలికొస్తే ఊరుకోం.

పశువుల_డాక్టర్
@జున్నుముక్క ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన అన్నిటికన్నా మంచి ప్రశ్న.

ఈసుకుపోయిన పశువు ముర్రుపాలతో జున్ను వద్దే వద్దు. మామూలుగా నెలలు నిండి ఈనిన దాని పాలతో అయితే, జున్ను ఆవిరి మీద గట్టిపడేది 70 డిగ్రీలు దాటాకే. బ్రూసెల్లా, టీబీ క్రిమి పోవడానికి 63 డిగ్రీల్లో అరగంట, లేదా 72 దగ్గర 15 సెకన్లు చాలు. కాబట్టి పూర్తిగా గట్టిపడిన జున్నుతో సమస్య లేదు. సమస్య "పూర్తిగా" అన్న మాట దగ్గర. లోతైన గిన్నెలో రెండు లీటర్లు పోసి పదిహేను నిమిషాలకే దించితే అంచులు గట్టిగా, నడుమ వణుకుతూ ఉంటుంది. ఆ వణికే చోటు ఉడకలేదన్నమాట.

జున్నుముక్క
అయితే కొలతలు నేను చెబుతా. మొదటి రోజు ముర్రుపాలు ఒక గ్లాసుకి మామూలు పాలు రెండు లేదా మూడు గ్లాసులు. రెండో రోజువి సగం సగం. మూడో రోజువి దాదాపు అలాగే పెట్టొచ్చు. బెల్లం కరిగించి వడగట్టి, మిరియాల పొడి, యాలకులు. గిన్నెలో రెండంగుళాల ఎత్తుకి మించి పొయ్యొద్దు. ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగాక గిన్నె పెట్టి, పైన మూత (లేకపోతే ఆవిరి చుక్కలు పడి గుంటలు పడతాయి), ఇరవై అయిదు నుంచి ముప్పై నిమిషాలు. చాకు సరిగ్గా మధ్యలో దించితే పొడిగా రావాలి. వంటింటి థర్మామీటరు ఉంటే మధ్యలో 80 చూపిస్తే నిశ్చింత.

అసలు ప్రమాదం జున్ను కాదు. తీపి సరిపోయిందా అని ఉడకకముందు చెంచాతో రుచి చూడటం. ఆ చెంచానే ఉడికాక కొయ్యడానికి వాడటం. ఇది మానితే చాలు.

చిట్టిచెంబు
రుచి చూసే హక్కు కూడా పోయింది 😔 బెల్లం నీళ్లలో చూసుకుంటాం లే.

మేకలమంద
గేదె గేదె అంటున్నారు. మేకపాల సంగతి ఎవరూ ఎత్తలేదు. డెంగీ సీజన్ వస్తే చాలు, ప్లేట్‌లెట్లు పెరుగుతాయని మేకపాలు పచ్చివే తాగిస్తారు, "కాస్తే గుణం పోతుంది" అని. మేకలో, గొర్రెలో ఉండేది బ్రూసెల్లా మెలిటెన్సిస్, మనిషికి అన్నిటికన్నా గట్టిగా పట్టేది అదే. అసలు ఈ రోగం చరిత్రే మేకపాలతో మొదలైంది. మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులకి నెలల తరబడి జ్వరాలు. 1887లో డేవిడ్ బ్రూస్ క్రిమిని పట్టుకున్నాడు, కానీ ఎక్కణ్ణుంచి వస్తోందో తేలడానికి 1905 దాకా పట్టింది. థెమిస్టోక్లిస్ జమిత్ అనే మాల్టా డాక్టరు మేకల రక్తం పరీక్షించాడు. చూడ్డానికి నిగనిగలాడే మేకలే. మరుసటి ఏడాది సైనికులకి పచ్చి మేకపాలు ఆపేశారు, బారకాసుల్లో జ్వరాలు అమాంతం పడిపోయాయి.

జ్వరాల_వార్డు
@మేకలమంద మంచి పని చేశారు ఎత్తి. డెంగీలో ప్లేట్‌లెట్లు ఆరేడు రోజుల తర్వాత వాటంతటవే పైకొస్తాయి. ఆ సమయానికి ఏది తాగితే దానికి పేరొస్తుంది. మేకపాలే కావాలంటే ఒక పొంగు రానిచ్చి ఇవ్వండి, డెంగీ మనిషికి ఇంకో జ్వరం తగిలించకండి. పసిపిల్లలకి పోసే గాడిదపాలదీ ఇదే మాట. వీధిలో పితికి, కడగని చేత్తో, అదే చెంచాతో పది మంది పిల్లల నోట్లో పోస్తారు.

గుడిమెట్లు
పంచామృతం? అభిషేకానికి పచ్చిపాలే అంటారు అర్చకులు. తర్వాత అదే తీర్థంగా చేతిలో పోస్తారు.

కేంద్రం_కాటా
@గుడిమెట్లు ప్యాకెట్ పాలు పోస్తే ఇబ్బంది లేదు, అవి ముందే పాశ్చరైజ్ అయినవి, కాచనివి కూడా. శాస్త్రానికీ ల్యాబ్‌కీ రెండిటికీ సరిపోతుంది. వాడిక పాలు నేరుగా పితికి తెచ్చినవైతే అభిషేకం పాలు వేరు, తీర్థంగా ఇచ్చే పాలు వేరు పెట్టుకోవడమే. తీర్థం పాలు కాచి చల్లార్చి కలపొచ్చు. పెరుగు పులుపుకి క్రిమి చస్తుందని కొందరంటారు, గంటలో చావదు. పచ్చిపాల వెన్నలో అయితే నెలల తరబడి బతికి ఉంటుంది. నెయ్యి సరే, కాగేటప్పుడు వంద డిగ్రీలు దాటేస్తుంది.

ముర్రా_మురళి
కాచడం అంటే ఎంతసేపు? అమ్మ పొంగగానే దించేస్తుంది. పక్కింటావిడ పది నిమిషాలు మరిగిస్తుంది.

ల్యాబ్_గాజుగొట్టం
ఇంటి గిన్నెలో రెండు లీటర్లకి ఒక్క పొంగు చాలు, కలుపుతూ కాచితే. పది నిమిషాలు మరిగిస్తే గిన్నె అడుగంటడం తప్ప అదనంగా ఒరిగేదేమీ లేదు. తప్పు జరిగేది మూడు చోట్ల. పెద్ద గుండిగలో ఇరవై లీటర్లు కలపకుండా కాస్తే అడుగు మరుగుతుంది, పైన మీగడ కింద ఇంకా చల్లగానే ఉంటుంది. నురుగు: పాల వేడి నురుక్కి అందదు, అందుకే డెయిరీ వ్యాట్‌లలో పాల పైనున్న గాలిని కూడా పాలకంటే కాస్త ఎక్కువ వేడిగా ఉంచుతారు. మూడోది టీ కొట్టు. కాగిన పాలు తగ్గగానే పక్కనున్న పచ్చిపాలు ఒక మగ్గు కలిపి, మళ్లీ పొంగు రాకముందే గ్లాసుల్లో పోసెయ్యడం. ఆ మగ్గు కూడా అదే, పచ్చిపాల్లో ముంచేది, కాగినవాటిలో ముంచేది.

బర్రెల_దొడ్డి
ఇంట్ల గూడ గంతే. పాలు వడవోసిన బట్టతోనే కాగిన గిన్నె పట్టుకుని దించుతరు.

టెక్సాస్_తెలుగోడు
ఇక్కడ పరిస్థితి తిరగబడింది. ఇండియాలో కాచి తాగినవాళ్లే ఇక్కడికొచ్చాక "ఏ2, నాటు, సహజం" అని ఫారం నుంచి పచ్చిపాలు తెచ్చుకుంటున్నారు. 1987 నుంచి రాష్ట్రం దాటించి పచ్చిపాలు అమ్మడం నిషేధం, కొన్ని చోట్ల "పెంపుడు జంతువులకు" అని చీటీ అంటించి అమ్ముతారు. 2024 మార్చిలో ఇక్కడి పాల ఆవుల్లో బర్డ్ ఫ్లూ హెచ్5ఎన్1 బయటపడింది. ఆవుల పాలల్లో వైరస్ విపరీతంగా ఉంది, ఫారాల్లో ఆ పచ్చిపాలు తాగిన పిల్లులు చచ్చిపోయాయి. ఇక్కడ ఆవులకి వేసే బ్రూసెల్లా టీకా ఆర్‌బీ51 కూడా ఒకట్రెండు ఆవుల పాలల్లో దిగి మనుషులకి అంటుకుంది. ఆ రకం రిఫాంపిసిన్‌కి లొంగదు, మామూలు రక్తపరీక్షలో కనపడదు కూడా.

ధారోష్ణం_108
అంటే టీకా వల్లే రోగం అన్నమాట! నేను మొదటి నుంచీ అదే చెబుతున్నా.

పశువుల_డాక్టర్
@ధారోష్ణం_108 మీరు మొదటి నుంచీ పచ్చిపాలు తాగమని చెబుతున్నారు. ఆ పాలు కాచి ఉంటే ఆ టీకా రకమూ చచ్చేదే.

మన దగ్గర ఎక్కువగా వాడేది ఎస్19. 2019లో మొదలైన కేంద్ర పథకం కింద గాలికుంటు టీకాతో పాటు ఇదీ ఉచితమే. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్య దూడలకి మాత్రమే, జీవితంలో ఒక్కసారి. కోడెలకి వద్దు, దున్నలకి వద్దు, చూడివాటికి అసలే వద్దు. బతికున్న క్రిమితో చేసిన టీకా కాబట్టి సూది గుచ్చుకున్నా, కంట్లో చిందినా వేసేవాడికి రోగం రావచ్చు. దూడని పట్టుకునేవాళ్లకి కూడా గ్లవ్స్, అద్దాలు ఉండాలి. వయసు తెలియక ఏడాది పడ్డకి వేస్తే ఇంకో చిక్కు: రక్తపరీక్షలో చాన్నాళ్లు పాజిటివ్ చూపిస్తుంది, టీకాదో రోగందో తేలదు.

మురళి గారూ, మీ నాలుగు చూడి గేదెలకి ఇప్పుడు టీకా లేదు. పరీక్షే.

ముర్రా_మురళి
పరీక్ష ఎలా? డాక్టరు రేపు వస్తానన్నారు.

పశువుల_డాక్టర్
మెడ రక్తనాళం నుంచి 5 నుంచి 10 మి.లీ., ఎర్ర మూత గొట్టంలోకి. కుదపొద్దు, ఏటవాలుగా గంటన్నర ఉంచితే గడ్డకట్టి పైన పసుపు సీరం తేలుతుంది. ఆ గొట్టం ఐసు డబ్బాలో ల్యాబ్‌కి. రోజ్ బెంగాల్ పరీక్ష చేస్తారు. సీరం ఒక చుక్క, గులాబి రంగు యాంటిజెన్ ఒక చుక్క కలిపి నాలుగు నిమిషాలు ఆడిస్తే, పాజిటివ్ అయితే సన్నటి రవ్వలా గడ్డకడుతుంది.

మోసపోయే చోటు ఇక్కడే: ఈసుకుపోయిన వారంలో తీసిన రక్తం నెగెటివ్ రావచ్చు, ప్రతిరక్షకాలు ఇంకా తయారవ్వవు. నెగెటివ్ అని సంబరపడి పాలు పొయ్యకండి. మూడు వారాల తర్వాత మళ్లీ తీయించండి. నాలుగు చూడివాటికీ ఇప్పుడోసారి, ఈనిన మూడు వారాల తర్వాత ఇంకోసారి.

కేంద్రం_కాటా
మా దగ్గర పాల రింగ్ టెస్ట్ చేయించొచ్చా? ఊరి మొత్తం మీద ఒక అంచనా వస్తుంది కదా.

ల్యాబ్_గాజుగొట్టం
ఆవుపాలకైతే బాగుంటుంది. సన్నటి గొట్టంలో ఒక మి.లీ. పాలు, కనీసం 25 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. రంగు వేసిన యాంటిజెన్ ఒక చుక్క, 37 డిగ్రీల్లో గంట. మీగడ వరస నీలంగా మారి కింద పాలు తెల్లబడితే పాజిటివ్. పాలు కాచినవి, గడ్డకట్టించినవి, గట్టిగా కుదిపినవి పనికిరావు, మూడు రోజులకి మించి నిలవ ఉన్నవీ వద్దు. ముర్రుపాలు, పొదుగువాపు పాలు కలిస్తే దొంగ పాజిటివ్ వస్తుంది. మేకపాలకి, గొర్రెపాలకి ఈ పరీక్ష నడవదు. మీ కేంద్రంలో గేదెపాలే ఎక్కువైతే రింగ్‌ని నమ్ముకుని ఎవరి మీదా నింద వేయకండి, రక్తపరీక్షతోనే తేల్చండి.

బర్రెల_దొడ్డి
పాజిటివ్ వచ్చిందనుకో. అప్పుడేం చెయ్యాలె? అసలు కత గక్కడ ఆగుతది. ఆవును కోతకు పంపనీయరు, 1977 చట్టం. బర్రెకైతే సర్టిఫికెట్ తెచ్చుకోవాలె. లక్ష వెట్టి కొన్న బర్రెను ఉత్తగ ఎవడు వదులుకుంటడు? ఆదివారం సంతకు తోలుకపోతరు, కొన్నోడు ఇంకో ఊరి దొడ్ల కట్టేస్తడు. రోగం గిట్లనే తిరుగుతున్నది. పాల కాడ కాదు, సంత కాడ.

పశువుల_డాక్టర్
ఈ మాటకి నా దగ్గర అందమైన జవాబు లేదు. 2009 పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం పశువైద్యాధికారికి చెప్పాలి, అలాంటి పశువుని సంతకి తోలకూడదు. ఆచరణలో, ఉంచుకోక తప్పదనుకునేవాళ్లు చెయ్యగలిగింది ఇంత: ఆ పశువు విడిగా, పితకడం అన్నిటికన్నా ఆఖర్న, ఆ పాలు ఇంట్లో కాచాకే ఏదైనా. దున్నకి దాటించొద్దు. మళ్లీ చూడి కట్టిస్తే ఈనేటప్పుడు మళ్లీ అదే మాయ, అదే గొయ్యి, ఇంకో నాలుగు పశువులకి ముప్పు. అందుకని చూడి కట్టించకుండా ఉన్న పాలతో సరిపెట్టమంటాను.

కొనేవాళ్లు: సంతలో కాదు, వాళ్ల కొట్టంలోనే రక్తం తీయించి కొనండి. తెచ్చాక నెల రోజులు విడిగా కట్టి రెండోసారి పరీక్ష. అమ్మేవాడు రక్తం తీయనివ్వకపోతే బేరం వదిలెయ్యండి.

బర్రెల_దొడ్డి
రక్తం తీస్త అంటే "బర్రెను కొంటున్నవా, పెండ్లి సంబంధం చూస్తున్నవా" అంటరు సాబ్.

చిట్టిచెంబు
పెళ్లికి ఎవరూ రక్తం అడగరు, అదే నయం.

కేంద్రం_కాటా
పితికే పద్ధతి గురించి ఎవరూ రాయలేదు. మా సభ్యులకి చెప్పేది: చన్నులు లేత గులాబి పర్మాంగనేట్ నీళ్లతో తుడిచి, పశువుకొక పొడి గుడ్డ. ఒకే గుడ్డతో పది పొదుగులు తుడిస్తే పొదుగువాపు పదింటికీ. మొదటి మూడు ధారలు నల్ల గుడ్డ కట్టిన చిన్న గిన్నెలోకి, నేల మీదకి కాదు. తరకలు కనిపిస్తే ఆ పాలు విడిగా. చేతికి పాలు తడి చేసుకుని పితకడం ఆపండి, ఆ తడే మురికిని చన్ను మీదుగా బక్కెట్లోకి జారుస్తుంది. చేతికి పుండు, పగులు ఉంటే గ్లవ్స్. అయిపోయాక చన్నులు అయొడిన్ ద్రావణంలో ముంచి, అరగంట పడుకోకుండా మేత వెయ్యండి. వడకట్టే బట్ట రోజూ మరిగించి ఎండలో. ఉతికి తడిగా మడిచి పెడితే అదే పుట్ట.

పందిరికింద
మా ఊళ్లో పిచ్చికుక్క కరిచిన గేదె చచ్చిపోయింది. దాని పాలు తాగిన యాభై మంది సూదుల కోసం పరిగెత్తారు. అది కూడా పాల వల్ల వస్తుందా?

జ్వరాల_వార్డు
@పందిరికింద కాచిన పాలు తాగినవాళ్లకి సూదులు అక్కర్లేదు. పచ్చిపాల వల్ల వచ్చినట్టు కేసులు లేవు, అయినా పచ్చివి తాగినవాళ్లు ఒకసారి డాక్టరుతో మాట్లాడండి. నిజంగా పరిగెత్తాల్సింది ఇంకొకరు: గేదె చొంగ కారుస్తుంటే గొంతులో ఏదో ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టినవాడు, గొట్టంతో మందు పోసినవాడు. ఆ యాభై మంది క్యూలో సాధారణంగా అతనే ఉండడు.

ముర్రా_మురళి
గొయ్యి తీసి సున్నం వేసి పాతాం. కొట్టం గీకి బ్లీచింగ్ కొట్టాం. పాలు ఆపేశాం, కాచి పారబోస్తున్నాం. పనోడికి ఇప్పటికైతే జ్వరం లేదు, తేదీ రాసి పెట్టా. మాయ పాక్షికంగా పడింది, డాక్టరు పొద్దున్న వస్తున్నారు.

పశువుల_డాక్టర్
మంచిది. పనోడి జ్వరం రోజూ సాయంత్రం చూడండి, పొద్దున కాదు. నాలుగు వారాలతో ఆపకండి, రెండు మూడు నెలల దాకా గుర్తుంచుకోండి. పడిన మాయ ముక్క కూడా ఆ గోతిలోకే, ఇంకో గొయ్యి వద్దు.

బర్రెల_దొడ్డి
గొయ్యి మీద తుమ్మకంప వేసి పెద్ద రాళ్లు పెట్టు తమ్మీ. ఆ కాలు తిన్న కుక్క మల్ల వస్తది.